కోత పండుగ వేలంలో గ్రాఫిక్స్ కార్డు

నాయన పోయాక గుడివాళ్ళు ఇంటికి వచ్చి జరిపే ఆదరణ కూడిక ముగిసింది. షామియానా వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోలో పేరుస్తున్నారు. వంటవాళ్ళు గుండిగలు బోర్లించి బూడిదతో తోముతున్నారు. నేను గుమ్మం పక్కన నిలబడి, వెళ్ళిపోయేవాళ్ళకు చేతులు జోడించే పని చేస్తున్నాను. పని అనే అనాలి. నాయన పోయిన రోజు నుంచి నాకు ఏదీ దుఃఖంలా తోచలేదు. పాతికేళ్ళు జిల్లా పేజీకి వార్తలు రాసినవాణ్ణి. చావు మా ఇంట్లోదే అయినా, నా కన్ను అలవాటు కొద్దీ ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరేం మాట్లాడారు అని చూసుకుంటూ పోయింది. సమాధుల తోటలో పెట్టె దించుతుంటే తాళ్ళు కొత్తవా పాతవా అని చూశాను. పన్ను పీకించుకున్నాక చెంప కొంతసేపు మనది కానట్టు ఉంటుంది. మనిషంతా అలా ఉన్నాను.

అప్పుడు పద్మావతమ్మ కారు దిగింది. నాయన జీవితమంతా పనిచేసిన పలకల ఫ్యాక్టరీ ఓనరు గారి కోడలు ఆమె. ఓనరు గారు పోయి చాలా కాలమైంది. ఆమె చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. శిరస్త్రాణం పెట్టుకున్న యోధుడి బొమ్మ ఒకటి దాని మీద ఒకప్పుడు ఎర్రగా, నల్లగా ఉండేది. ఇప్పుడు ఎండకు వెలిసి లేత నీలంగా మిగిలింది.

"అన్నా, ఇది మీ ఇంటిది," అంది. "మా పాత ఇల్లు పడగొట్టిస్తా ఉండాం. షోకేసు తీసేసినాం. మీ నాయన ఉండంగనే చేతికి ఇద్దామనుకున్నా. కుదరలా."

పెట్టె మూత తెరవకుండానే అదేమిటో నాకు తెలిసింది. కంప్యూటర్లో బొమ్మలు ఆడించే కార్డు అది. అరచేయికి కాస్త పెద్దది, ఆకుపచ్చ పలక లాంటిది, మధ్యలో వేలెడు ఫ్యాను. ఆవిడ ఇంకా కొన్ని మాటలు చెప్పింది. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. కారు వెళ్ళిపోయాక పెట్టెను నాయన మంచం మీద పెట్టి, వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళకు ఇంకా మంచినీళ్ళ డ్రమ్ము వాపసు ఇవ్వాలి.

మార్కాపురంలో మా వీధి పలకల ఫ్యాక్టరీలను ఆనుకుని ఉండేది. గని నుంచి లారీల్లో వచ్చిన నల్లరాయిని నీళ్ళు చల్లి నానబెట్టి, పలుచటి ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చెక్క ఫ్రేము బిగిస్తే బడిపిల్లల పలక అయ్యేది. నాయన చీల్చే పనిలో ఉండేవాడు. రాయిని వేలి కణుపుతో కొట్టి, తల వంచి చప్పుడు వినేవాడు. విని, ఇది విచ్చుకుంటుందనో, ఇది ముక్కలవుతుందనో చెప్పేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, మెడ మీది ముడతలు అన్నీ ఒకే బూడిద రంగులో ఉండేవి. నేరుగా గడప దాటేవాడు కాదు. పెరట్లో బండ మీద నిలబడితే అమ్మ చెంబుతో నీళ్ళు పోసేది. ఆ నీళ్ళు బూడిదరంగు దారలుగా కాలువలోకి పోతుండగా తడిసిన రాతి వాసన లేచేది. మొదటి వాన పడ్డప్పుడు వచ్చే వాసన కాదది. సన్నగా, చల్లగా, గొంతులో గీసుకునే వాసన. అది ముక్కుకు తగిలితే పొయ్యి మీదికి జొన్నరొట్టె ఎక్కబోతుందని మా అన్నదమ్ములకు అర్థం. రొట్టెకు ముందు ప్రార్థన. నాయన పాట ఎత్తుకునేవాడు. మూడో చరణానికి దగ్గు వచ్చేది. అమ్మ అక్కడి నుంచి అందుకుని పూర్తి చేసేది. అది ఎంత మామూలైపోయిందంటే, ఆ పాట అలాగే ఇద్దరు పాడేదనుకునేవాళ్ళం.

దుమ్ము ఇంట్లోకి కూడా వచ్చేది. మడిచి పెట్టిన దుప్పటి మడతల మీద, బైబిలు అట్ట మీద, నీళ్ళ బిందె మూత మీద. అమ్మ ప్రతిదానికీ ఒక గుడ్డ కప్పేది. రేడియోకు గుడ్డ, కుట్టుమిషనుకు గుడ్డ, గడియారానికి పాత రుమాలు. టైము చూడాలంటే రుమాలు ఎత్తి చూడాలి. బంధువులు నవ్వేవాళ్ళు. అమ్మ పట్టించుకునేది కాదు.

ఆ కార్డు కొన్న ఏడు నేను పత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. పేరు ఇంకా అచ్చులో రాని రోజులు. తమ్ముడు శామ్యూలు కంప్యూటరు డిప్లొమా ముగించుకుని ఇంట్లో ఉన్నాడు. పాడైన మిషన్లు ఎక్కడున్నా పిలిస్తే వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. గిద్దలూరులో స్టేషను దారిలో బాషాభాయ్ నెట్ సెంటరు ఒకటి ఉండేది. జనం మెయిళ్ళ కోసం రావడం తగ్గిందని, పిల్లలు ఒకరి మీద ఒకరు కాల్చుకునే తుపాకుల ఆట కోసమే వస్తున్నారని ఆయన గమనించాడు. ఉన్న మిషన్లలో ఆ ఆట తడబడుతోంది. శామ్యూలును పిలిచి ఒక షరతు పెట్టాడు.

"తమ్ముడూ, ఒక్క మిషను కట్టి తీసుకురా. నా ఖర్చు తక్కువుండాల, ఆట మాత్రం నీళ్ళలాగ పారాల. బుధవారం దినం నేనే కూర్చోని ఆడతా. పారిందా, ఇంకో ఎనిమిది నువ్వే కట్టు. ఈడనే ఉండి చూసుకో, వచ్చేదాంట్లో నీకు పాలు ఇస్తా. ఆగి ఆగి పోయిందా, ఒంగోలు షాపోళ్ళు రోజూ ఫోను చేస్తా ఉండారు నాకు."

తెర మీద బొమ్మ కదులుతున్నట్టు కనిపించడం కన్ను మోసపోవడమేనని శామ్యూలే నాకు చెప్పాడు. ఒక సెకనులో ఎన్ని బొమ్మలు వరసగా మారితే కదలిక అంత నున్నగా ఉంటుంది. ఆ బొమ్మలను ఫ్రేములంటారు. ఆటలో మనం తలుపు తెరిచేలోగా అవతలివాడు కాల్చేశాడంటే సగం సార్లు తప్పు చేతిది కాదు, ఫ్రేములది. ఆ వారమంతా రొట్టెల దగ్గర ఇదే మాట.

"సెకనుకు అరవై దాటాల నాయనా. ఎనభై వచ్చినాయంటే బాషాభాయ్ కుర్చీలోంచి లేవడు."

"మా ఫ్రేముల సెక్షన్లో మాబు ఉండాడు, తీసుకపో," అన్నాడు నాయన, రొట్టె తుంచుతూ. "దినానికి వెయ్యి కొడతాడు."

"దినానికి కాదు, సెకనుకంట," అంది అమ్మ.

"సెకనుకా? అట్లయితే మాబు పనికిరాడులే."

అమ్మ పాడిగేదెను అమ్మి డబ్బు ఇచ్చింది. ఆ డబ్బుకు ఎవరూ లెక్క అడగలేదు. నేను, శామ్యూలు రైలెక్కి హైదరాబాదులో కంప్యూటర్ల బజారుకు పోయాం. రోజంతా వాడి వెనక తిరగడమే నా పని. వాడు ఎంచుకునే పద్ధతి చూస్తే రాయి చీల్చేటప్పుడు నాయన ముఖం గుర్తొచ్చింది. ప్రాసెసరు మంచిది చూపిస్తే వద్దన్నాడు, ఒక మెట్టు కిందిది తీసుకున్నాడు. మెమరీ పాతది, ఎవరో వాడి అమ్మింది, రెండు దుకాణాల్లో పెట్టి పరీక్షించి తీసుకున్నాడు. తెర కూడా పాతదే, గుమ్మడికాయంత వెనక భాగం ఉన్నది. కానీ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో సెట్టింగులోకి వెళ్ళి చూశాకే ఒప్పుకున్నాడు. ఇవన్నీ బిగించే డబ్బా అన్నిటికంటే చవకది. కరెంటు ఇచ్చే పెట్టె దగ్గర మాత్రం బేరం చేయలేదు, అది పోతే అన్నీ పోతాయన్నాడు. అలా అన్నిచోట్లా మిగిల్చిందంతా తీసుకుపోయి ఒక్క కార్డులో పెట్టాడు. "డబ్బు తక్కువ ఉండేటోడు నాలుగు చోట్ల కొంచెం కొంచెం పెడితే నాలుగూ పనికిరావన్నా," అన్నాడు. తిరుగు రైల్లో కార్డు పెట్టెను పైన సామాన్ల బల్ల మీద పెట్టనివ్వలేదు. దిగేదాకా ఒడిలోనే ఉంచుకున్నాడు.

ఇంటికి తెచ్చి అన్నీ చాప మీద పరిచాడు. నాయన స్నానం చేసి వచ్చి చుట్టూ ఒకసారి చూశాడు. డబ్బాను వేలి కణుపుతో కొట్టి తల వంచాడు.

"రేకు," అన్నాడు. "గాలికి కొట్టుకుంటాది ఇది."

"కొట్టుకోనీ నాయనా. ఇదిగో, దీన్ని చూడు."

నాయన కార్డును రెండు చేతులతో అందుకున్నాడు. "ఇంతే ఉంది, ఇంత బరువుందేందిరా?"

"మిషను అంటే అదే. మిగతావన్నీ దాని కింద కూలోళ్ళు."

"అన్నిటికంటే మంచిది ఇదేనా?"

"అన్నిటికంటే మంచిది ఇదే. ఒకటి మాత్రం నాయనా, దీనికి దుమ్ము పడగూడదు. ఈ ఫ్యాను రెక్కల సందులో దుమ్ము కూర్చుందంటే వేడెక్కి కాలిపోతాది. ఇంకేమీ అడగదు అది."

నాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడే కడుక్కున్నవే. అయినా కార్డును అమ్మకు అందించి, "పెట్టెలో పెట్టు, పైన నా తెల్ల పంచె కప్పు," అన్నాడు. మిగతా సామానంతా శామ్యూలు ఆ రాత్రే బిగించుకున్నాడు. కార్డు మాత్రం గిద్దలూరులోనే, బాషాభాయ్ ముందే పెట్టాలని, అప్పటిదాకా ట్రంకు పెట్టెలో ఉండనిచ్చాడు.

ఆ బుధవారానికి ముందు వచ్చిన ఆదివారం కోత పండుగ. మా సంఘాల్లో పంట చేతికొచ్చిన కాలంలో జరిగే పండుగ అది. ప్రతి ఇల్లూ తన కష్టంలో వచ్చిన మంచి దాన్ని గుడికి తెచ్చి బల్ల ముందు పెడుతుంది. పొలమున్నవాళ్ళు కందులు, మిరపకాయలు, గుమ్మడికాయలు తెస్తారు. లేనివాళ్ళు కోడి, గుడ్లు, కుట్టిన చొక్కా తెస్తారు. మా ఇంటి నుంచి ఏటా ఒక కట్ట పలకలు పోయేవి. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి. ఇందులో రాయని పద్ధతులు రెండున్నాయి. ఏం తెస్తున్నామో ముందుగా ఎవరికీ చెప్పరు, ఇంట్లోవాళ్ళకు కూడా. ఇక ఎవరి కానుకను వాళ్ళే ఎక్కువకు పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం మామూలు. కోడి గుడికి పోతుంది, ఆశీర్వాదంతో తిరిగి అదే గూట్లోకి వస్తుంది. ఇచ్చినట్టూ ఉంటుంది, పోయినట్టూ ఉండదు. నాయనకు ఆ లెక్క బాగా తెలుసు. ఎనిమిది మిషన్ల పని కొడుక్కి రావాలంటే, ఆ కష్టంలో అన్నిటికంటే మంచి దాన్ని ముందు దేవుని ముందు పెట్టి, తన కూలి డబ్బుతో పాడుకుని తెచ్చి కొడుకు చేతిలో పెట్టాలి. అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదు.

వేలం వేసేది సంఘపెద్ద ఏసురత్నం. గొంతు పెద్దది, ఎగతాళి ఇంకా పెద్దది. ముందు వరసలో కుర్చీలో ఫ్యాక్టరీ ఓనరు గారు కూర్చుని ఉన్నారు. ఆయన మా మతం కాదు. కానీ సగం సంఘం ఆయన కూలీలే కాబట్టి ఏటా పిలిచేవాళ్ళు, ఏటా వచ్చేవారు. గుమ్మడికాయలు అయిపోయాయి. పుంజు ఒకటి తాడు తెంపుకుని ఆడవాళ్ళ వైపు పోతే కొంత నవ్వు అయింది. అప్పుడు ఏసురత్నం అట్టపెట్టె ఎత్తాడు.

నా పక్కన శామ్యూలు ఒక్కసారి నిటారుగా అయ్యాడు.

"దావీదన్న ఇంటి కానుక! ఏందయ్యా ఇది, పలకలు కాదా ఈసారి?" పెట్టెలోంచి కార్డు తీసి అటూ ఇటూ తిప్పాడు. "రెక్కలుండాయి, కూత లేదు. కోడి కాదు. దావీదన్నా, ఏమని పాడాలయ్యా దీన్ని?"

"కంప్యూటరు సామాను," అన్నాడు నాయన, లేచి నిలబడి. "మావాడిది. వాడి కష్టం."

శామ్యూలు లేవబోయాడు. నాయన ఇటు తిరిగి, అరచేయి నేల వైపు చూపించి, మెల్లగా ఊపాడు. కూర్చో, నేనున్నా అని. వాడు కూర్చున్నాడు. నాయన మొదటి పాట పెట్టాడు. ఎవరూ పెంచలేదు. పెంచరు కూడా, ఇంటివాడు పాడుకుంటున్నాడని అందరికీ తెలుసు. ఏసురత్నం ఒకటోసారి అన్నాడు, రెండోసారి అనబోయాడు. అప్పుడు ముందు వరస నుంచి ఓనరు గారు, నాయన పెట్టిన దానికి రెట్టింపు పెట్టారు.

గుడంతా ఒకేసారి చప్పట్లు కొట్టింది. ఓనరు గారి మనసులో చెడ్డది ఏమీ లేదు, ఎన్నిసార్లు ఆలోచించినా నా ఈ అభిప్రాయం మారలేదు. తన దగ్గర పనిచేసే మనిషి కొడుకు ఏదో సాధించాడు, ఆ కానుకను ఘనంగా పాడి గౌరవించాలి అనుకున్నారు. ఒక కూలీ కానుకకు యజమాని పాట పెంచడమంటే ఆ ఇంటికి దండ వేసినట్టే. ఆ దండ తీసి పక్కన పెట్టడం ఎలాగో నాయనకు తెలియదు. యజమాని మీద పాట పెంచిన కూలీని మా వీధిలో అంతవరకు ఎవరూ చూడలేదు.

"దావీదన్నా?" అన్నాడు ఏసురత్నం. ఆయన గొంతులో ఎగతాళి పోయింది.

నాయన రెండు చేతులూ జోడించాడు. ఓనరు గారి వైపు జోడించాడో, బల్ల వైపు జోడించాడో నేను కూర్చున్న చోటి నుంచి తెలియలేదు. మూడోసారి అయిపోయింది. "దావీదు ఇంటి వస్తువు మా షోకేసులో ఉంటాది," అన్నారు ఓనరు గారు లేచి, పెట్టె అందుకుంటూ. మళ్ళీ చప్పట్లు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. శామ్యూలు కళ్ళు మూసుకోలేదు.

ఇంట్లో ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే ఒక పూటలో తేలిపోయేదేమో.

"ఓనర్ని అడుగు నాయనా," అన్నాడు వాడు. "ఒక్క మాట. తప్పయింది, బుధవారానికి కావాల అను. ఇస్తాడు ఆయన."

"ఇస్తాడు," అన్నాడు నాయన. "నేను అడగలేను."

"ఏం, భయమా?"

"దేవుని ముందు పెట్టిందిరా. గుడంతా చూస్తా ఉండగా ఆయన పాడుకున్నాడు. పెట్టినదాన్ని పెట్టినోడే పోయి వెనక్కి అడిగితే, పెట్టడమెందుకు?"

"పెట్టింది నీది కాదు నాయనా. నాది."

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. రొట్టె మాడిన వాసన వచ్చింది. మా ఇంట్లో అది ఎప్పుడూ రాని వాసన.

"నేను పోయి అడుగుతా," అన్నాడు శామ్యూలు.

"నువ్వు పోతే," అన్నాడు నాయన, "రేపు నేను ఫ్యాక్టరీలోకి ఏ మొహం పెట్టుకోని పోవాలో అది కూడా చెప్పిపో."

వాడు వెళ్ళలేదు. బుధవారం కార్డు లేకుండానే మిషను గిద్దలూరు తీసుకుపోయాడు. బోర్డులో ఉండే కొద్దిపాటి బొమ్మల శక్తితో ఆట తెరుచుకుంది. నేనూ వెంట ఉన్నాను. మనుషులు తెర మీద ఒక అడుగు వేసి ఆగి, మళ్ళీ ఒక అడుగు వేస్తున్నారు. బాషాభాయ్ మంచి మనిషి. కొంతసేపు ఆడాడు, చాయ్ తెప్పించాడు. "కార్డు ఏదో వస్తాదన్నావే తమ్ముడూ?" అన్నాడు. "రాలా భాయ్," అన్నాడు వీడు. నాయన పేరు, గుడి పేరు, వేలం సంగతి ఒక్కటీ ఎత్తలేదు. ఒంగోలు షాపువాళ్ళు ఆ నెలలోనే మిషన్లు దించారు.

శామ్యూలు దోర్నాల పోయాడు. శ్రీశైలం బస్సులు ఆగే ఒక హోటల్లో కౌంటరు మీద కూర్చున్నాడు. కొన్నేళ్ళకు ఫారెస్టు చెక్‌పోస్టుల దగ్గర కెమెరాలు బిగించే వాళ్ళతో కలిశాడు. ఆ పని నేర్చుకుని గిద్దలూరులో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. కెమెరాలు, ప్రింటర్లు బాగుచేస్తాడు. పెళ్ళయింది, ఇల్లు గడిచింది. ఇంటికి వచ్చేవాడు, నాయనతో మాట్లాడేవాడు. తిన్నావా, మందులు వేసుకున్నావా, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాల. హోటలు కౌంటరు మీద మనిషి ప్రయాణికులతో మాట్లాడినట్టు ఉండేది. ఒక మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు. నాయన ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరిందని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించిన రోజు కూడా వాడే ఆటో పిలిచాడు, వాడే మందులు తెచ్చాడు. అప్పుడూ అంతే మాట్లాడాడు.

ఇప్పుడు మా వీధిలో ఉలి చప్పుడు దాదాపు లేదు. పిల్లలు పలక పట్టడం మానేశారు. ఆ రాయి ఇప్పుడు గోడలకు అలంకారంగా ఎక్కడెక్కడికో పోతోందట. ఓనరు గారి ఫ్యాక్టరీ స్థలంలో ఫంక్షన్ హాలు ఉంది. అమ్మ పోయాక ఇంట్లో గుడ్డలు కప్పేవాళ్ళు లేరు. కప్పాల్సినంత దుమ్ము కూడా లేదు. మా అమ్మ గేదెను అమ్మిన డబ్బుతో కొన్న ఆ కార్డు కంటే, వీధి చివర చాయ్ తాగుతూ కుర్రవాళ్ళు ఆడుకునే సెల్‌ఫోనుకు ఎన్నో రెట్లు శక్తి ఉంటుంది. ఆ రోజులే మంచివని నేను అనలేను. ఆ రోజుల్లో మా నాయన దుమ్ము మింగుతున్నాడు. ఈ రోజులు మంచివని కూడా అనాలనిపించడం లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో ఒకటి అనిపించాలి కదా అని చూస్తున్నాను, అంతే.

కూడిక అయిన మరుసటి వారం పెట్టె పట్టుకుని గిద్దలూరు బస్సెక్కాను. శామ్యూలు దుకాణంలో కాలేజీ అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. వీపుకు బ్యాగు.

"అన్నా, నా దగ్గర ఉన్న డబ్బుకే కట్టియ్యాల. కానీ నూట నలభై నాలుగు ఫ్రేములు రావాల. తక్కువైతే మా హాస్టలోళ్ళు నన్ను ఆటలో చేర్చుకోరు."

"గేమింగు మిషన్లు నేను కట్టనమ్మా. బస్టాండు ఎదురుగా ఇంకొకాయన ఉండాడు, అడుగు."

"ఆయన అన్నీ కొత్తవే కొనమంటాడన్నా."

వాడు నన్ను చూసి, "రా అన్నా," అని స్టూలు జరిపాడు. నేను పెట్టె బల్ల మీద పెట్టాను. వాడు వెలిసిన యోధుడి బొమ్మను చూశాడు. ముఖంలో ఏమీ మారలేదు. ఎవరిచ్చారని అడిగాడు. పద్మావతమ్మ అని చెప్పాను. మూత తీశాడు. కార్డు పైకి ఎత్తగానే కింద నుంచి కోడి ఈక ఒకటి జారి బల్ల మీద పడింది. తెల్ల ఈక, కొన అరిగి ఉంది.

"ఇదేంది?"

పద్మావతమ్మ నాతో చెప్పిన మాటలు అప్పుడు వాడికి చెప్పాను. నాయన పండుగ పండుగకూ పిండివంటలు పట్టుకుని వాళ్ళింటికి పోయేవాడట. కూర్చోమంటే కూర్చునేవాడు కాదట. షోకేసు తాళం తీయమ్మా అనేవాడు. జేబులోంచి తెల్లగుడ్డ తీసి కార్డు తుడిచేవాడు. ఫ్యాను రెక్కల సందుల్లో ఈకతో ఒక్కొక్కటే తుడిచేవాడు. మళ్ళీ షోకేసులో పెట్టి తాళం వేయించేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా పోయాడు. నడవలేనప్పుడు ఆటోలో పోయాడు. ఒకసారి ఆమె, "ఎందుకయ్యా ఇంత కష్టపడతావు, కావాల్నంటే తీసుకపో, ఎవరు వద్దన్నారు?" అందట. "కానుక గదమ్మా, తీసుకోగూడదు," అన్నాడట. "మరి తుడవడమెందుకు?" అంటే, "దుమ్ము పడితే కాలిపోతాదంట. మావాడు చెప్పినాడు," అన్నాడట.

శామ్యూలు కార్డును దుకాణం గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టాడు. ఫ్యాను రెక్కను వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగి ఆగింది. రెక్కల సందులోకి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను వాడి ముఖం చూడలేదు. రోడ్డు మీద కంభం పోయే బస్సు వెనక్కి తీస్తున్నారు, దాన్ని చూస్తున్నాను.

"దీంట్లో దుమ్ము లేదే," అన్నాడు వాడు.

"లేదు," అన్నాను.

వాడు వచ్చి కార్డును పెట్టెలో పెట్టాడు. బల్ల మీది ఈకను తీసి, అది ఉన్నచోటే, కార్డు కింద పెట్టాడు. మూత వేయలేదు. ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. మెడ చాచి పెట్టెలోకి చూసింది.

"పాత మోడలు కదన్నా ఇది? మా కాలేజీలో ఇట్లాంటివి కొని దాచుకునేటోళ్ళు ఉండారు. అమ్ముతావా?"

"అమ్మను," అన్నాడు శామ్యూలు. "మా నాయనది."